రెండే రెండు తాళంచెవులు

ఆ మూడంతస్తుల మేడలో మెట్ల మీది బల్బు మాడిపోయి నాలుగు నెలలైంది. చెప్పగా చెప్పగా మూడో అంతస్తు అద్దాలావిడ నోరు నొప్పెట్టిందే గానీ బల్బు రాలేదు. "రేపు వేయిస్తానమ్మా" అంటాడు ఇంటాయన. ఆ రేపు ఏ నెలలో వస్తుందో ఆయనకీ తెలీదు, ఆయన్ని పుట్టించిన బ్రహ్మకీ తెలీదు.

అద్దాలావిడ అంటే అద్దాలు అమ్ముకునే మనిషి కాదు. కళ్ళజోళ్ళ దుకాణంలో వెనక గదిలో కూర్చుని, డాక్టరు రాసిచ్చిన చీటీ ప్రకారం అద్దాన్ని ఫ్రేముకి సరిపడా అరగదీసే పని ఆవిడది. అందులో వెంట్రుకవాసి తేడా వచ్చినా పెట్టుకున్నవాడికి తలనొప్పే. పదకొండేళ్ళు ఆ పని చేసేసరికి ఎక్కడా ఏ తేడా సహించలేని గుణం పట్టుకుంది. ఖర్మ కాలి వచ్చి పడింది మాత్రం అన్నీ మూరెడేసి తేడాలున్న కొంపలో.

కింద ఇంటాయన ఉంటాడు. మొదటి అంతస్తులో నర్సమ్మ, రెండో అంతస్తులో బస్సు నడిపి రిటైరైన డ్రైవరు బాబాయి, మూడో అంతస్తులో అద్దాలావిడా, ఆవిడ పదేళ్ళ కూతురూ. పిల్ల పొట్టిగా, గుండ్రంగా ఉంటుందని దాన్నందరూ బుడంకాయ అంటారు. దాని తండ్రి పోయి మూడేళ్ళైంది. బుడంకాయ బడి నుంచి నాలుగింటికి వస్తుంది. తల్లి దుకాణం నుంచి ఆరున్నరకి వస్తుంది. మధ్యలో రెండున్నర గంటలు పిల్ల ఒక్కతే ఇంట్లో. ఆ రెండున్నర గంటలూ అద్దాలావిడ చేతులు అద్దం మీద ఉంటాయి గానీ ప్రాణం ఇంటి దగ్గరే ఉంటుంది. దానికి తోడు ప్రతి ఆదివారం ఆడపడుచు ఫోను. "అలా ఒంటరిగా వదిలేస్తావేంటి వదినా, పిల్లని మా ఊరు పంపెయ్యి, మా పిల్లలతో పాటే చదువుకుంటుంది." పంపేసి తనెవర్ని చూసుకుని బతకాలో ఆ మహాతల్లి చెప్పదు.

అందుకే పిల్లకి నియమాలు నూరిపోసింది. బెల్లు మోగితే తలుపు తీయకు. పేరు పెట్టి పిలిచినా తీయకు. మీ అమ్మ ఆస్పత్రిలో ఉందన్నా తీయకు. నేను మీ మామయ్యనన్నా తీయకు, నీకసలు మామయ్యే లేడు. ఇన్ని నియమాలున్నాయి గానీ తలుపుకి లోపల గడియ మాత్రం లేదు. ఎప్పుడో ఓ ముసలాయన లోపల గడియ పెట్టుకుని పడిపోతే తలుపు పగలగొట్టాల్సి వచ్చిందట. ముసలాయన వారంలో లేచి తిరిగాడు, తలుపు మాత్రం మళ్ళీ లేవలేదు. అప్పట్నుంచి ఇంటాయన మూడు వాటాల వీధి తలుపులకీ గడియలు ఊడబీకించేశాడు. లాగితే దానంతటదే పడే తాళం ఒక్కటే మిగిలింది.

"గడియ లేకపోతే ఎలాగండీ, పిల్ల ఒక్కతే ఉంటుంది" అందావిడ, చేరిన కొత్తలో.

"గడియ ఉంటే ఆపదొచ్చినప్పుడు లోపలికి ఎలా వస్తామమ్మా?"

"లేకపోతే ఆపదే లోపలికి వస్తుంది కదండీ!"

"మనింటికెవరొస్తారమ్మా" అని నవ్వేశాడాయన. ఇంకా దయగా, "ఇదిగో, ఈ తాళానికి రెండే రెండు తాళంచెవులు. రెండూ మీకే ఇచ్చేస్తున్నా. అద్దెవాళ్ళ తాళంచెవి దగ్గర పెట్టుకునే పాడు అలవాటు నాకు లేదు" అన్నాడు. అద్దాలావిడ ఒకటి తన సంచిలో వేసుకుంది. రెండోది దారానికి కట్టి పిల్ల మెళ్ళో వేసి, "ఒకటి నా దగ్గర, ఒకటి నీ దగ్గర. లోకంలో ఇంకెవరి దగ్గరా లేదు. ఇంక భయమెందుకే?" అంది. పిల్ల తలూపింది. అలా ఎనిమిది నెలలు గడిచాయి.

ఆ రోజు దుకాణంలో ఒకాయన, తను తొక్కి విరగ్గొట్టుకున్న కళ్ళజోడుని అద్దాలావిడే సరిగ్గా బిగించలేదని గంటసేపు నెత్తిన కూర్చున్నాడు. ఆయనతో వాదించి వాదించి, ఇంకా మనసులో వాదిస్తూనే, రెండు చేతులా కూరగాయల సంచులతో చీకట్లో మెట్లెక్కింది. తలుపు తగిలింది. సంచులు దించి, తడుముకుని తాళంచెవి పెట్టి తిప్పింది. టక్కుమని తలుపొచ్చింది.

తన ముందుగదిలో ఒక బట్టతల మనిషి, పంచె మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, వేణ్ణీళ్ళ తొట్టిలో కాళ్ళు పెట్టుకుని టీవీ చూస్తున్నాడు.

అద్దాలావిడ పెట్టిన కేకకి తొట్టిలో నీళ్ళు సగం నేల మీదికొచ్చాయి.

"ఏంటమ్మాయ్, కొంప మునిగినట్టు అలా అరుస్తావు?" అన్నాడు డ్రైవరు బాబాయి. "ఇప్పుడీ నీళ్ళెవరు తుడుస్తారు?"

అప్పుడు చూసుకుంది. టీవీ తనది కాదు. గోడ మీది గడియారం తనది కాదు. ఒక అంతస్తు తక్కువ ఎక్కింది. "అయ్యో, క్షమించండి బాబాయిగారూ, చీకట్లో..." అంటూ వెనక్కి తిరగబోయి ఆగిపోయింది. చేతిలో తాళంచెవి వంక చూసింది. తలుపు వంక చూసింది.

"బాబాయిగారూ, నా తాళంచెవి మీ తలుపుకి పట్టింది!"

"పడుతుంది. నాది మీ తలుపుకీ పడుతుంది. మూడు వాటాలకీ ఒకటేగా. ఏం, నీకు తెలీదూ?"

"మీకెలా తెలుసు?"

"పోయిన నెల్లో నేనూ నీలాగే. నువ్వు ఒకటి తక్కువెక్కావు, నేను ఒకటి ఎక్కువెక్కాను. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి ఒక్క స్టాపు దాటెయ్యలేదు, నా ఇంటి మెట్ల దగ్గర దాటేశా చూడు! లోపలికొచ్చి చెప్పులు విడిచాక గానీ తెలీలేదు, మీ ఇల్లని."

"నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? ఆడవాళ్ళుండే ఇంట్లోకి తాళం తీసుకుని వచ్చానని చెప్పుకోనా? బాగుంటుందా? అయినా ఇంట్లో ఎవరూ లేరు, గొడవ లేదు, దిగొచ్చేశా."

"ఎవరూ లేరా? ఎన్నింటికి?"

"ఐదూ, ఐదుంబావు. బల్ల మీద పిల్ల పుస్తకాల సంచీ ఉంది, లైటు వెలుగుతోంది. పిల్ల మాత్రం లేదు."

ఆ తర్వాత ఆయనేమన్నాడో ఆవిడకి వినబడలేదు. కూరగాయల సంచులు అక్కడే వదిలేసి పైకి పరిగెత్తింది. ఐదుంబావుకి పిల్ల ఇంట్లో లేదంటే ఎక్కడుంది? ఎవరితో ఉంది? ఎన్నాళ్ళుగా తనని నమ్మించి తిరుగుతోంది? ఇరవై మెట్లెక్కేలోపు తల్లి మనసు ఎన్ని పాడు ఆలోచనలు చేయగలదో అన్నీ చేసింది.

తలుపు తీసేసరికి బుడంకాయ బల్ల దగ్గర బుద్ధిమంతురాలిలా కూర్చుని ఉంది.

"ఐదింటికి నువ్వెక్కడుంటున్నావే?"

"ఇంట్లో."

"అబద్ధాలాడితే చెంప పగులుతుంది. బాబాయిగారు చూశారు, నువ్వు లేవు. ఎక్కడికి పోతున్నావు? ఎవరితో పోతున్నావు?"

"ఎక్కడికీ పోలేదమ్మా. ఇంట్లోనే ఉన్నా" అంది పిల్ల, ఏడుపు గొంతుతో. దాని చూపు బాత్రూము తలుపు మీదికి పోయి వచ్చింది. అద్దాలావిడ విసురుగా వెళ్ళి ఆ తలుపు తీసింది.

బకెట్టు బోర్లించి ఉంది. దాని మీద పరీక్షలకి తీసుకెళ్ళే అట్ట. పక్కన ముక్కాలిపీట, పీట మీద తలగడ. సబ్బు పెట్టుకునే గూట్లో సబ్బు పక్కనే పెన్సిళ్ళ డబ్బా, ఒక గ్లాసుతో మంచినీళ్ళు. ఆ ఇంట్లో లోపల గడియ ఉన్న తలుపు అదొక్కటే.

"నాలుగింటికి వచ్చి ఇందులో కూర్చుంటా. ఆరుంబావుకి అన్నీ తీసి బయటికొస్తా. ఇవాళ లెక్కల్లో పడి టైము చూసుకోలేదు, తీయలేదు. కింద నీ కేక వినబడి భయపడి వచ్చేశా" అంది వెనక నుంచి బుడంకాయ.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పెద్ద వానొచ్చిన రోజు నుంచి."

ఆ వానొచ్చి ఐదు నెలలు. పిల్ల చెప్పుకుపోయింది. ఆ రోజు తాళం తిరిగిన చప్పుడైంది. అమ్మేననుకుంది. చూస్తే కింది తాతగారు, ఇంటాయన. వాన జల్లు కొడుతోంది, కిటికీ మూయడానికొచ్చానన్నారు. మూశారు. బాగా చదువుకొమ్మన్నారు. వెళ్ళిపోయారు. అంతే, ఇంకేమీ లేదు.

"ఆయన మంచోరేనమ్మా. కానీ రెండే తాళంచెవులన్నావుగా. ఒకటి నా మెళ్ళో ఉంది, ఒకటి నీ సంచిలో ఉంది. మరి ఆయనెలా వచ్చారు? ఆయనొస్తే ఇంకెవరైనా రావచ్చుగా?"

"మరి నాతో చెప్పడానికి నీకేం రోగమే!" అని అరిచింది అద్దాలావిడ. అరవకూడదని తెలుసు. అయినా నోరాగలేదు.

"భయమేస్తోందని ఓసారి చెప్పా. ఒక్కదానివీ ఉండలేకపోతే అత్తయ్య దగ్గరికి పంపేస్తానన్నావు."

అన్నానా అనుకుంది. అంది. ఏదో చిరాకులో, అన్నం వడ్డిస్తూ అంది, మర్నాటికి మర్చిపోయింది. అన్నవాళ్ళు మర్చిపోతారు, పడ్డవాళ్ళు మర్చిపోరు. అద్దాలావిడ విసవిసా మెట్లు దిగింది.

ఇంటాయన తన వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఆయన వరండాలో బల్బు మాత్రం పట్టపగల్లా వెలుగుతోంది. అది చూసేసరికే ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మూడు వాటాలకీ ఒకటే తాళంచెవిటగా?"

"అవునమ్మా" అన్నాడాయన సంతోషంగా. "ఒకే రకం కావాలని దుకాణంవాడి వెంటపడి మరీ తెప్పించా. ఈ వయసులో గుత్తులు గుత్తులు మొయ్యలేను చూడు. ఒక్కటుంటే చాలు, ఇల్లంతా చూసుకోవచ్చు."

"తాళంచెవులు రెండూ నాకే ఇచ్చేశానన్నారు!"

"ఇచ్చానుగా. మీ తాళానివి రెండూ ఇచ్చేశా. నా దగ్గరున్నది నర్సమ్మ వాటాది. నేను అబద్ధమాడే మనిషినా?"

ఇలాంటివాడితో ఏం మాట్లాడాలి? చెవిటివాడి ముందు శంఖం ఊదితే కనీసం ఊదినవాళ్ళకైనా వినబడుతుంది. "సరేనండీ. ఈ తాళాలు బిగించినప్పట్నుంచి ఈ వాటాల్లో ఎంతమంది ఉండి వెళ్ళారు?"

ఆయన వేళ్ళు లెక్కపెట్టాడు. "తొమ్మిది కుటుంబాలు. కాదు, కుర్రాళ్ళు నలుగురు కలిసి ఉండేవాళ్ళు, వాళ్ళతో పది."

"వెళ్ళేటప్పుడు అందరూ తాళంచెవులు ఇచ్చేసి వెళ్ళారా?"

"ఇచ్చినవాళ్ళు ఇచ్చారమ్మా."

అప్పుడే డ్యూటీకి బయల్దేరుతూ మెట్లు దిగిన నర్సమ్మకి చివరి రెండు మాటలూ వినబడ్డాయి. మొదటివి అద్దాలావిడ చెప్పింది. "అంటే పొద్దున్నే వచ్చి నేను ఒళ్ళు తెలీకుండా పడి నిద్రపోతుంటే, ఊళ్ళో పోయేవాళ్ళందరి జేబుల్లోనూ నా తలుపు ఉందన్నమాట!" అంది నర్సమ్మ. ఇంటాయన నొచ్చుకున్నాడు. మనమంతా ఒక కుటుంబంలా ఉంటున్నాం, ఇలా అనుమానాలు పెట్టుకుంటే ఎలా అన్నాడు. సొంత బావమరిదినే నమ్మని మనిషి ఈ మాటనడం!

పిల్ల బాత్రూములో కూర్చుంటోందన్న సంగతి మాత్రం అద్దాలావిడ చెప్పలేదు. నోటిదాకా వచ్చింది. సిగ్గేసింది. ఐదు నెలలు తన ఇంట్లో జరిగింది తనకే తెలీలేదని నలుగురిలో ఎలా చెప్పుకుంటుంది?

మర్నాడు పొద్దున సెలవు పెట్టి, తాళాలు బాగుచేసేవాణ్ణి వెంటబెట్టుకొచ్చింది. వాడు పాత తాళం చూసి, "ఇది నా చిన్నప్పటి సరుకండీ, దీనికి తాళంచెవి కూడా అక్కర్లేదు, గట్టిగా తిడితే వచ్చేస్తుంది" అన్నాడు. దాన్ని పీకేసి కొత్తది బిగించాడు. గడియ బిగించడానికి వడ్రంగి ఆదివారం గానీ రాడు. ఇంటాయన మధ్యలో వచ్చి నిలబడ్డాడు.

"తలుపులకి మేకు కొట్టకూడదని కాయితంలో రాసుకున్నాం కదమ్మా."

"మేకు కొట్టలేదండీ. మీ తాళం ఊడదీసి అదే కన్నంలో నాది పెట్టించా. ఇదిగో మీ తాళం, భద్రంగా దాచుకోండి."

"మరి నాకో తాళంచెవి?"

"మీకా పాడు అలవాటు లేదన్నారుగా!"

ఆయన ముఖం చూస్తే ఎనిమిది నెలల కసి తీరింది. మధ్యాహ్నం బడి దగ్గరికి వెళ్ళి పిల్ల మెళ్ళో పాత తాళంచెవి తీసి కొత్తది కట్టి, దుకాణానికి వెళ్ళింది. ఆ సాయంత్రం ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆవిడ చేతులూ ప్రాణం ఒకేచోట ఉండి పనిచేశాయి. పాటలు కూడా పాడుకుంది. దుకాణం కుర్రాడు వచ్చి, ఒంట్లో బాగానే ఉందా అక్కా అని అడిగి వెళ్ళాడు.

ఆరున్నరకి మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కి, కొత్త తాళం తీసి, ఠీవిగా లోపలికొచ్చింది. ముందుగదిలో ఎవరూ లేరు. బల్ల మీద పుస్తకాల సంచి ఉంది. బాత్రూము తలుపు కింద నుంచి వెలుతురు కనబడుతోంది.

అద్దాలావిడ సంచీ నేల మీద పడేసింది. ఇంత చేసి, ఇంతమందితో మాటలు పడి, చివరికి ఇదా? "ఒసేయ్, ఇంకా అందులోనే కూర్చున్నావా? కొత్త తాళం వేయించాను కదే!"

"చూశా" అంది లోపల్నుంచి బుడంకాయ.

"మూడు తాళంచెవులు. ఒకటి నీది, ఒకటి నాది, ఒకటి బీరువాలో. ఇంకెవరి దగ్గరా లేదు. ఒట్టు!"

గడియ తీయకుండానే పిల్ల మెల్లగా అంది. "పాత తాళానికీ అలాగే అన్నావుగా అమ్మా."

అద్దాలావిడ ఆ తలుపు ముందు నిలబడిపోయింది. తను అబద్ధమాడలేదు. ఇంటాయన చెప్పింది నమ్మింది, నమ్మింది పిల్లకి చెప్పింది. కానీ ఆ వానరోజు తాళం తిరిగిన చప్పుడు విని బల్ల దగ్గర బిగుసుకుపోయింది తను కాదు, పదేళ్ళ పిల్ల.

బీరువాలోది తీసింది, సంచిలోది తీసింది. బాత్రూము తలుపు కింద సందులోంచి రెండూ లోపలికి తోసింది. "ఇప్పుడు మూడూ నీ దగ్గరే ఉన్నాయి. నేను బయటికెళ్ళి తలుపు లాగేస్తున్నా. అందర్నీ తీసుకొస్తా. ఎవరి తాళంచెవి వాళ్ళు పెట్టి తిప్పుతారు. నువ్వు లోపల్నుంచి చూడు."

డ్రైవరు బాబాయి అడగ్గానే చెప్పులేసుకున్నాడు. నర్సమ్మ డ్యూటీ సంచీ భుజానే వేసుకుని వచ్చింది. ఇంటాయన మాత్రం కుర్చీలోంచి లేవలేదు. "నన్ను దొంగని చేసి పదిమందిలో పరీక్ష పెడతారా? మర్యాదేనా ఇది? ఆ రోజు కిటికీ మూయకపోతే మీ మంచాలు తడిసిపోయేవి. మంచికి పోతే చెడు ఎదురైందని..."

"మీరు కిటికీ మూసి వెళ్ళిన రోజు నుంచి నా కూతురు బాత్రూములో గడియ పెట్టుకుని చదువుకుంటోందండీ" అంది అద్దాలావిడ. ఈసారి సిగ్గు పడలేదు. "ఐదు నెలలు. రోజూ రెండు గంటల పైన. ఇప్పుడు కూడా అందులోనే ఉంది."

ఆయన పేపరు మడిచాడు. మడిచిందే మళ్ళీ మడిచాడు. లేచి, తాళంచెవి తీసుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ చీకట్లో మూడంతస్తులూ ఎక్కాడు. డ్రైవరు బాబాయి సెల్‌ఫోను వెలుగు చూపించాడు.

మొదట నర్సమ్మ పెట్టి తిప్పింది. తిరగలేదు. డ్రైవరు బాబాయి పెట్టాడు. తిరగలేదు. "నాదీ పట్టలేదమ్మా బుడంకాయా!" అని లోపలికి వినబడేలా చెప్పాడు. ఇంటాయన ముందుకొచ్చాడు. తాళంచెవి పెట్టి కుడికి తిప్పాడు, ఎడమకి తిప్పాడు.

"రావట్లేదమ్మా" అన్నాడు.

తలుపుకి అవతల దగ్గరగా గొంతు వినబడింది. "ఇంకోసారి తిప్పండి తాతగారూ. గట్టిగా."

ఎవరూ నవ్వలేదు. ఇంటాయన భుజం ఆనించి, పళ్ళు బిగించి, ఉన్న బలమంతా పెట్టి తిప్పాడు. తలుపు కదల్లేదు. ఆయన తాళంచెవి తీసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా దిగి వెళ్ళిపోయాడు. మిగిలిన ఇద్దరూ ఆయన వెనకే దిగారు.

అద్దాలావిడ తలుపు తట్టింది.

"ఎవరు?"

"నేనేనే. అమ్మని."

లోపల తాళం తిరిగింది. బుడంకాయ గడపలో నిలబడి ఉంది. చేతిలో ఉన్న రెండు తాళంచెవుల్లోంచి ఒకటి ఏరి తల్లికిచ్చింది.

"ఇది నీది. ఎవరికీ ఇవ్వకు."

"ఇవ్వను" అంది అద్దాలావిడ. పిల్ల బాత్రూములోకి వెళ్ళి అట్టా, పెన్సిళ్ళ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టుకుంది. కుర్చీని తలుపు కనబడేలా తిప్పుకుని, లెక్కల పుస్తకం తెరిచింది.